కొండ లేని సీమలో కొండ రైలు: ఏ దారి, ఏ సిమ్యులేటర్, ఎంత వాలు?

భీమవరంలో రైలెక్కి పాలకొల్లు మీదుగా నర్సాపురంలో దిగేదాకా ఇంజన్‌కి ఎక్కుడు అన్నదే తగలదు. అటూ ఇటూ చేలు, చేపల చెరువులు, మధ్యమధ్యలో కాలవల మీద వంతెనలు. ఇలాంటి చోట పెరిగినవాళ్లకి ట్రెయిన్ సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో పట్టా వేసి రైలు నడుపుకునే ఆట) చేతికి రాగానే కొండ లైను కట్టాలని ఎందుకు అనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. చిక్కేమిటంటే, ఆ కారణంగానే మన కంటికి వాలు అంచనా తెలియదు. స్క్రీన్ మీద "కాస్త ఎత్తుగా ఉందిలే" అనిపించిన పట్టాని కొలిచి చూస్తే 15కి 1 ఉంటుంది. అంటే 15 మీటర్లు ముందుకెళ్తే 1 మీటరు పైకి. మామూలు రైలు దాన్ని ఎక్కదు.

"ఏ సిమ్యులేటర్ తీసుకోమంటారండీ?" అని అడిగేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే అది రెండో ప్రశ్న. మీ కొండ ఎక్కే రైలు ఏది, దాని బరువెంత, ఆ బరువు ఎక్కేటప్పుడు ఉంటుందా దిగేటప్పుడు ఉంటుందా? ఇది తేలితే సిమ్యులేటర్ సంగతి సగం దానంతటదే తేలుతుంది. ఇది తేల్చకుండా సాఫ్ట్‌వేర్ కొనేసి, చెట్లు నాటి, జలపాతం పెట్టి, చివరికి ఇంజన్ కదలకపోతే మొత్తం పీకేసుకునేవాళ్లు చాలామందే ఉంటారు.

ఏ కొండ?

మనకి కొండ రైలంటే ముందు గుర్తొచ్చేది అరకు దారి. కొత్తవలస–కిరండూల్ లైను, అందరూ కేకే లైన్ అంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి, అక్కడి నుంచి ఓడల్లో జపాన్‌కి పంపడానికి 1960లలో వేశారు. బొడ్డవర దాటాక శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ. ఇలా స్టేషన్ స్టేషన్‌కీ ఎత్తు పెరుగుతూ పోతుంది. శిమిలిగూడ సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. 2017లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె వేశాక ఈ దారి ఫోన్లలో వీడియోలుగా ఊరూరా తిరిగింది కాబట్టి, ఎక్కడ సొరంగం, ఎక్కడ లోయ అన్నది చూసి కట్టుకోవడానికి కావలసినంత సరుకు దొరుకుతుంది.

కానీ కేకే లైన్ ఎంచుకునేవాళ్లు ఒక విషయం గమనించాలి. ఇక్కడ ఖనిజం నిండిన గూడ్స్ సముద్రం వైపు దిగుతుంది, ఖాళీ పెట్టెలు పైకెక్కుతాయి. అంటే ఘాట్‌లో అసలు కష్టం లాగడంలో కాదు, ఆపడంలో. వేల టన్నుల బరువు వెనక నుంచి తోస్తూ ఉంటే బ్రేకుల్ని ఎంతసేపు, ఎంత మోతాదులో వేయాలి, మళ్లీ గాలి నిండడానికి ఎంతసేపు వదలాలి అన్నదే ఆట. ఈ లైను కోసమని 1980ల చివర్లో స్వీడన్, జపాన్‌ల నుంచి డబ్ల్యూఏజీ-6 రకం ఎలక్ట్రిక్ ఇంజన్లు తెప్పించారంటేనే సంగతి అర్థమవుతుంది. కాబట్టి కేకే లైన్ కట్టాలనుకుంటే గాలి బ్రేకు లెక్క గట్టిగా ఉన్న సిమ్యులేటర్ కావాలి. సీనరీ తర్వాత. ఇంకో చిట్కా: ఈ లైనుకి కరెంటు తీగలు 1980ల ఆరంభంలో వచ్చాయి. అంతకుముందు కాలాన్ని ఎంచుకుంటే స్తంభాలూ తీగలూ వేసే చాకిరీ మొత్తం తప్పుతుంది, డీజిల్ ఇంజన్లతో సరిపోతుంది.

నీలగిరి రైలు మీద చాలామందికి మోజు. మేట్టుపాళయం నుంచి ఊటీ దాకా 46 కిలోమీటర్లు, మీటర్‌గేజ్. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వెళ్లింది. కల్లార్ నుంచి కూనూరు దాకా పట్టాల మధ్య పళ్ల కమ్మీ ఉంటుంది. ఇంజన్ కింది పళ్లచక్రం దాన్ని పట్టుకుని సుమారు 12కి 1 వాలు ఎక్కుతుంది. ఇంత నిటారు దారి మన దేశంలో ఇంకోటి లేదు. అందంలోనూ తిరుగులేదు. కానీ మనం మాట్లాడుకునే సిమ్యులేటర్లు సాధారణంగా నున్నటి పట్టా మీద నున్నటి చక్రానికి ఎంత పట్టు దొరుకుతుందన్న లెక్క మీద నడుస్తాయి. పళ్ల కమ్మీ ప్రభావం తేవాలంటే ఇంజన్ ఫైల్లో పట్టు అంకెలు పెంచి సర్దుకోవాలి. స్క్రీన్‌షాట్లు అదిరిపోతాయి, నడపడంలో పస ఉండదు. మొదటి ప్రయత్నానికి నేనైతే వద్దంటాను.

కల్కా–సిమ్లా వేరే కథ. 762 మిల్లీమీటర్ల నేరోగేజ్, 96 కిలోమీటర్లు, 1903లో మొదలైంది. వాలు 33కి 1. పళ్ల కమ్మీ లేదు, మామూలు పట్టాలే. అన్నిటికన్నా ఇరుకు మలుపు వ్యాసార్థం 37 మీటర్ల చిల్లర. బ్రాడ్‌గేజ్‌లో అలాంటి మలుపు ఊహించలేం. దీనివల్ల లాభం ఏమిటంటే, చిన్న జాగాలోనే బోలెడంత ఎత్తు ఎక్కించవచ్చు. నష్టం సొరంగాలు. వాడుకలో ఉన్నవే 102. ప్రతి సొరంగానికీ రెండు మూతులు, ప్రతి మూతి దగ్గరా నేల కోయడం, రాతి గోడ అతకడం. సిమ్యులేటర్‌లో విసుగు పుట్టించే పని ఏదైనా ఉందంటే అదే. మొత్తం లైను జోలికి పోకుండా బరోగ్ చుట్టుపక్కల ముక్క ఒకటి తీసుకుంటే చాలు.

డార్జిలింగ్ గురించి ఒక్క మాట. 610 మిల్లీమీటర్ల బుల్లి గేజ్, 1881లో పూర్తయింది, లూపులూ జిగ్‌జాగులూ అన్నీ ఉన్నాయి. కానీ పట్టా రోడ్డు పక్కనే పోతూ, మాటిమాటికీ రోడ్డు దాటుతూ, ఇళ్ల గడపల ముందు నుంచి వెళ్తుంది. ఆ ఇళ్లూ, కొట్లూ, మనుషులూ లేకపోతే అది డార్జిలింగే కాదు. అవన్నీ పెట్టేసరికి ఏళ్లు గడుస్తాయి.

ఇక ఊహా లైను. నా ఓటు దీనికే, అదీ మన దగ్గరి కొండలకే. రాజమండ్రి నుంచి గోకవరం, అక్కడి నుంచి రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి రైలు లేదు. ఉంటే ఎలా ఉండేది? కింద గోదావరి వంతెన, జీడిమామిడి తోటలు, ఆ తర్వాత ఏజెన్సీ అడవి, పైన వాగులూ వెదురు పొదలూ. పైకి బియ్యం, ఉప్పు, కిరోసిన్. కిందికి వెదురు, కలప, రాజమండ్రి పేపర్ మిల్లుకి. రైలు ఎందుకు నడవాలో కారణం దొరికిందంటే రూట్‌కి ప్రాణం వచ్చినట్టే. పైగా "అక్కడ వంతెన ఇలా ఉండదు" అని వేలు చూపించేవాళ్లు ఉండరు. లోయ ఇబ్బంది పెడితే కాస్త పక్కకి జరుపుకోవచ్చు. చెట్లు, మట్టి రంగు, వాన కురిస్తే వాగు ఎలా పొంగుతుందన్నది మనం చూసినవే కాబట్టి ఊహించుకునే భారం తక్కువ.

అసలు దారి లెక్క కళ్లెదుట ఉంటే తప్ప పని ముందుకు సాగని స్వభావం కొందరిది. వాళ్లు ఊహా లైను జోలికి పోకుండా శివలింగపురం నుంచి బొర్రా దాకా ముక్క ఒక్కటే తీసుకోవడం మేలు.

వాలు లెక్క చేతిలో లేకుండా మౌస్ పట్టుకోవద్దు

మీ కొండ స్టేషన్ కింది స్టేషన్ కంటే 300 మీటర్లు ఎత్తున ఉందనుకుందాం. 100కి 1 వాలులో ఎక్కాలంటే 30 కిలోమీటర్ల పట్టా కావాలి. 50కి 1 అయితే 15. ముంబై వెనక భోర్ ఘాట్‌లో ఉన్నట్టు 37కి 1 అయితే 11 కిలోమీటర్లు. వాలు పెంచుతున్నకొద్దీ పట్టా తగ్గుతుంది, సీనరీ పని తగ్గుతుంది. మరి అందరూ నిటారుగానే వేసుకోవచ్చుగా అంటే, బరువు ఊరుకోదు.

1000 టన్నుల గూడ్స్ 40కి 1 వాలు మీద ఉంటే భూమి దాన్ని 25 టన్నుల బలంతో వెనక్కి లాగుతుంది. మన పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ తీసుకోండి. 2600 హార్స్‌పవర్, సొంత బరువు సుమారు 113 టన్నులు, కదిలేటప్పుడు లాగే బలం సుమారు 30 టన్నులు. ఇంజన్ తన బరువుని తాను మోసుకోవడానికే ఇంచుమించు 3 టన్నుల బలం పోతుంది. చక్రాల రాపిడికి ఇంకో 2, 3 టన్నులు. మొత్తం కలిపితే 30. అంటే ఆ వాలు మీద సిగ్నల్ దగ్గర ఒకసారి ఆగిందంటే మళ్లీ కదలదు. వేగం పెరిగేకొద్దీ లాగే బలం ఇంకా తగ్గుతుంది కాబట్టి నడుస్తూ ఉన్నా ఈడ్చుకుంటూ పోవడమే. అదే ఇంజన్, అదే గూడ్స్‌ని 60కి 1 మీద పెడితే 21 టన్నుల చిల్లరతో సరిపోతుంది. ఊపిరి పీల్చుకుంటుంది.

దారులు మూడు: వాలు తగ్గించడం, బరువు తగ్గించడం, వెనక బ్యాంకర్ ఇంజన్ పెట్టడం. భోర్ ఘాట్‌లో కర్జత్ నుంచి బ్యాంకర్లు వెనక నుంచి తోస్తాయి. మీ రూట్‌లో బ్యాంకర్ తగిలించే స్టేషన్ ఒకటి, విడదీసే స్టేషన్ ఒకటి ఉంటే నడిపేవాళ్లకి చేతినిండా పని. నాకైతే కొండ లైన్లో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. పాసింజర్ మాత్రమే తిప్పాలనుకునేవాళ్లకి ఈ తంటాలేవీ లేవు. ఏడెనిమిది పెట్టెలు 40కి 1 మీద హాయిగా ఎక్కేస్తాయి.

రెండు చిన్న లెక్కలు చాలామంది వదిలేస్తారు. మొదటిది మలుపు. మలుపులో చక్రాల అంచులు పట్టాకి రాసుకుని రాపిడి పెరుగుతుంది. అందుకే మన రైల్వే బ్రాడ్‌గేజ్‌లో డిగ్రీకి 0.04 శాతం చొప్పున వాలు తగ్గిస్తారు. 1 డిగ్రీ మలుపు అంటే 1750 మీటర్ల వ్యాసార్థం, 5 డిగ్రీలంటే 350 మీటర్లు. 50కి 1 అంటే 2 శాతం. ఆ లైన్లో 5 డిగ్రీల మలుపు వస్తే అక్కడ 1.8 శాతానికి, అంటే సుమారు 56కి 1కి తగ్గించాలి. సిమ్యులేటర్ మిమ్మల్ని అడగదు, తగ్గించకపోయినా ఊరుకుంటుంది. కానీ తగ్గిస్తే రైలు వేగం మలుపు మలుపుకీ పడిపోకుండా నిలకడగా ఎక్కుతుంది.

రెండోది స్టేషన్. రైళ్లు ఆగే యార్డు దాదాపు చదునుగా ఉండాలి. 1200కి 1 అయితే మంచిది, 400కి 1 దాటకూడదు. 700 మీటర్ల లూప్ లైను (స్టేషన్లో బండి ఆగే పక్క పట్టా) 1200కి 1లో వేస్తే దక్కే ఎత్తు 58 సెంటీమీటర్లు, అంతే. 15 కిలోమీటర్ల లైన్లో మూడు స్టేషన్లు పెడితే 2 కిలోమీటర్ల పైచిలుకు పట్టా ఎత్తేమీ ఇవ్వకుండా పోయినట్టే. ఆ లోటుని మిగతా దారిలో పూడ్చుకోవాలని ముందే లెక్కలో వేసుకోండి. స్టేషన్ వైపు 80కి 1 కంటే నిటారుగా దిగే వాలుంటే అదుపు తప్పిన బండిని మళ్లించడానికి క్యాచ్ సైడింగ్ కూడా ఉండాలి. ఇసుక గుట్టలోకి ఎగబాకే ఆ మొండి పట్టా ఒక్కటి పెడితే చాలు, చూడగానే ఘాట్ సెక్షన్ అని తెలిసిపోతుంది. పది వేల చెట్లు నాటినా రాని కళ అది.

ఇప్పుడు సిమ్యులేటర్

కొండ కట్టడానికి నేను లెక్కలోకి తీసుకునేవి మూడే: ట్రెయిన్జ్, ఓపెన్ రైల్స్, ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్.

ట్రెయిన్జ్ ఆస్ట్రేలియాలో 2001లో పుట్టింది, ఇప్పుడు ఎన్‌త్రీవీ గేమ్స్ నడుపుతోంది. ఒకేసారి కొనుక్కునే రకమూ ఉంది, నెలనెలా కట్టే రకమూ ఉంది. కట్టేవాళ్ల కోసమే పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. సర్వేయర్ అనే భాగంలో పట్టాని తీగలా లాగి ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. ఒక కొసలో ఎత్తు పెట్టి, వాలు ఎంత శాతమో అంకె కొట్టి, పట్టా ముక్క మీద నొక్కితే అది ఆ వాలుకి లేస్తుంది. తర్వాత నేలని పట్టాకి సర్దే పరికరం తీసుకుని నొక్కితే కింద కట్ట తనే లేస్తుంది, అడ్డొచ్చిన కొండ తనే కోసుకుపోతుంది. దగ్గరగా చూస్తే మాత్రం తేడా తెలుస్తుంది. నేల 10 మీటర్ల గళ్లతో ఉంటే కోసిన అంచు రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అందుకే కొండ రూట్‌కి మొదటి నుంచీ 5 మీటర్ల గళ్లే పెట్టుకోవాలి. కొత్త వెర్షన్లలో ఇంకా సన్నటి నేల కూడా వచ్చింది, కాకపోతే దానికి గట్టి కంప్యూటర్ కావాలి. కోత అయ్యాక చిన్న బ్రష్‌తో అంచుల్ని అక్కడక్కడా గిల్లి, రాళ్లు పెట్టి, గడ్డి రంగు పులిమితే తప్ప అది కత్తితో కోసిన కేకులాగే కనిపిస్తుంది.

ట్రెయిన్జ్‌లో ఒక మాయ ఉంది, జాగ్రత్త. డీసీసీ మోడ్‌లో రైలు ఆటబొమ్మలా తిరుగుతుంది, బరువుతో దాదాపు పని లేదు. ఎంత నిటారు వాలైనా ఎక్కేస్తుంది. ఆ మోడ్‌లో తిప్పి చూసి వాలు సరిపోయిందనుకోవద్దు. క్యాబ్ మోడ్‌లో (అసలు డ్రైవర్‌లా మీటలు తిప్పి నడిపే పద్ధతి), నిండు బరువుతో, మధ్యలో ఒకసారి ఆపి, మళ్లీ కదిలించి చూడండి. అప్పుడుగానీ నిజం తెలియదు.

ఓపెన్ రైల్స్‌కి పైసా ఖర్చు లేదు. 2001 నాటి మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ రూట్లని, బళ్లని కొత్త సాఫ్ట్‌వేర్‌తో నడిపే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఇది. అప్పటి నుంచి మన దేశంలో అభిమానులు తయారుచేసిన ఇంజన్లు, పెట్టెలు బోలెడు ఉన్నాయి కాబట్టి భారతీయ రైలు కావాలంటే ఇక్కడ వెతుక్కునే శ్రమ తక్కువ. గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో చేరినప్పుడు కొన్న లాప్‌టాప్‌తోనే ఈ సరదా తీర్చుకునేవాళ్లకి ఇది చాలా పెద్ద సంగతి. అన్నిటికన్నా ముఖ్యం, నడపడంలో నిజాయితీ. బ్రేకు పైపులో గాలి, చక్రం జారడం, పెట్టెల మధ్య లాగుడు తోపుడు, అన్నీ లెక్కకొస్తాయి. దిగేటప్పుడు బ్రేకు మాటిమాటికీ వేసి వదిలితే గాలి అయిపోయి బండి చేయి దాటిపోతుంది. ఎఫ్4 నొక్కితే ముందున్న వేగ పరిమితులతో పాటు ఇప్పుడున్న వాలు ఎంతో కూడా కనిపిస్తుంది. కేకే లైన్ ఖనిజం గూడ్స్ దించాలనుకునేవాళ్లు ఇంకో ఆలోచన పెట్టుకోనక్కర్లేదు.

కట్టడం మాత్రం ఓపిక పని. టీఎస్ఆర్ఈ అనే ఉచిత ఎడిటర్ వాడాలి. ఇక్కడ పట్టా సాగే తీగ కాదు, ముందే కోసి ఉంచిన ముక్కలు. ఇంత పొడవు తిన్నటి ముక్క, ఇంత వ్యాసార్థంతో ఇన్ని డిగ్రీల వంపు ముక్క, ఇలా ఒకదాని కొసకి ఒకటి అతుక్కుంటూ పోవాలి. లోయ ఒంపుకి సరిగ్గా సరిపోయే వంపు దొరక్క నేలనే జరుపుకోవాల్సిన సందర్భాలు వస్తాయి. వాలు కూడా ముక్క అతుకు దగ్గరే మారుతుంది. అందుకే చదును నుంచి 2 శాతానికి ఒక్కసారిగా లేపకుండా 0.2, 0.4 అంటూ చిన్న చిన్న ముక్కల్లో పెంచుకుంటూ పోవాలి. లేకపోతే ఇంజన్ మోకాలు తగిలినట్టు తుళ్లుతుంది. ఇంకోటి, పట్టాల జాబితా మొత్తం ఒక డేటాబేస్ ఫైల్లో ఉంటుంది. సేవ్ చేస్తుండగా కరెంటు పోయిందంటే ఆ ఫైలు పాడై రూట్ తెరుచుకోకపోవచ్చు. మే నెలలో మన ఊళ్లలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి డెస్క్‌టాప్ వాడేవాళ్లు యూపీఎస్ లేకుండా ఈ పనికి దిగొద్దు. రూట్ ఫోల్డర్ మొత్తాన్ని ఏ రోజుకి ఆ రోజు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోవాలి.

ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్ 2009లో రైల్‌వర్క్స్ పేరుతో మొదలైంది. ఇప్పుడు డవ్‌టెయిల్ గేమ్స్ చేతిలో ఉంది. ఎడిటర్ ఆటలోనే ఉంటుంది. పట్టా వేయడంలో అసలు రైల్వే ఇంజనీరు పద్ధతికి దగ్గరగా ఉండేది ఇదే. తిన్నటి దారి నుంచి మలుపులోకి వెళ్లేటప్పుడు మెల్లగా ఒంపు పెరిగే ముక్క, మలుపులో బయటి పట్టా ఎత్తు, ఇవన్నీ అందులోనే వస్తాయి. పొడుగాటి వయాడక్ట్ (లోయ మీది వంతెన) మీద రైలు ఒరిగి తిరుగుతుంటే చూడటానికి కన్నులపండగ. ఇబ్బంది సరుకుతో. మంచి చెట్లు, ఇళ్లు, స్టేషన్లు చాలావరకు డబ్బు పెట్టి కొన్న రూట్లలో ఉంటాయి. వాటిని మీ రూట్‌లో వాడితే, మీ రూట్ దించుకునేవాళ్లు కూడా అవే కొనుక్కుని ఉండాలి. యూరప్ పైన్ చెట్లతో మారేడుమిల్లి కట్టలేం కదా. వెదురు, టేకు, తాటి కావాలంటే సొంతంగా తయారుచేసుకోవాలి లేదా ఊరూరా వెతుక్కోవాలి.

ట్రెయిన్ సిమ్ వరల్డ్‌కి కూడా ఎడిటర్ వచ్చింది. అన్‌రియల్ ఇంజన్ అనే ఆటల సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది కాబట్టి బొమ్మలు అద్భుతం. కానీ అది ఆట తయారుచేసేవాళ్ల పనిముట్టు. డిస్కులో చోటు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, నేర్చుకునే టైమ్, అన్నీ ఎక్కువే. బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే ప్రోగ్రాం), అన్‌రియల్ ముందే వచ్చినవాళ్లు తప్ప మిగతావాళ్లు అటు చూడకపోవడం మంచిది. ఓపెన్‌బీవీఈ కూడా ఉచితమే. కానీ రూట్ మొత్తం టెక్స్ట్ ఫైల్లో అంకెలుగా రాయాలి. కొండ వాలులు అలా రాయాలంటే టెన్షన్ తప్ప ఇంకేమీ మిగలదు.

కాబట్టి కట్టడంలో సరదా ఎక్కువ ఉన్నవాళ్లు ట్రెయిన్జ్. నడపడంలో సరదా ఉన్నవాళ్లు, ఖర్చు పెట్టలేనివాళ్లు ఓపెన్ రైల్స్. ఇంట్లో మంచి గ్రాఫిక్స్ కార్డుండి, యూరప్ కొండల మీద మనసున్నవాళ్లు క్లాసిక్. మారేడుమిల్లి ఊహా లైనుకి నా ఎంపిక ట్రెయిన్జ్. కేకే లైనుకి ఓపెన్ రైల్స్.

నేల: ఉపగ్రహం ఇచ్చిందా, చేత్తో పోసిందా?

ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక ఎండీవర్ రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం డేటా ఒకటి. ఇస్రో కార్టోశాట్-1 ఫొటోల నుంచి తయారైన కార్టోడెమ్ ఇంకోటి, ఇస్రో మ్యాపుల సైటు భువన్‌లో దొరుకుతుంది. రెండూ సుమారు 30 మీటర్లకి ఒక ఎత్తు చొప్పున ఇస్తాయి. టీఎస్ఆర్ఈ, క్లాసిక్ ఎడిటర్లు ఎస్ఆర్‌టీఎం ఫైళ్లని తీసుకుంటాయి. ట్రెయిన్జ్‌కి ట్రాన్స్‌డెమ్ అనే వేరే ప్రోగ్రాం కొనాలి.

అసలు దారి కట్టేవాళ్లకి ఇది తప్పనిసరి. కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. కొండ పక్కన పట్టా కోసం తొలిచిన అరుగు వెడల్పు 10 మీటర్లు కూడా ఉండదు. 30 మీటర్ల డేటాకి అది ఆనదు. దట్టమైన అడవిలో రాడార్ కొలిచింది నేలని కాదు, చాలావరకు చెట్ల కొమ్మల్ని. ఇరుకు లోయలు పూడిపోయినట్టు, నిటారు బండలు కరిగిపోయినట్టు వస్తాయి. ఆ నేల మీద పట్టా అలాగే పరిస్తే వాలు గుర్రం నడకలా ఎగిరెగిరి పడుతుంది. పద్ధతి ఏమిటంటే, స్టేషన్ల ఎత్తులు ముందు ఖాయం చేసుకోవాలి. ప్రతి రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది, ఫొటోల్లో చదువుకోవచ్చు. రెండు స్టేషన్ల మధ్య వాలుని మీ లెక్క ప్రకారం గీసుకుని, ఆ తర్వాత నేలని పట్టాకి సర్దాలి. పట్టాని నేలకి సర్దకూడదు.

ఊహా లైనుకి మారేడుమిల్లి వైపు అసలు కొండల డేటానే తీసుకుని, అందులో మీ పట్టా వేసుకోవడం నా సలహా. మొత్తం చేత్తో పోస్తే కొండలన్నీ ఇసుక కుప్పల్లా గుండ్రంగా, ఒకే పోలికతో వస్తాయి. వాగు ఎటు పారాలి, గట్టు ఎక్కడ విరగాలి అన్నది ప్రకృతి వేసినంత బాగా మనం వేయలేం. డెల్టాలో పెరిగిన కంటికైతే మరీ కష్టం.

ఎత్తు చాలకపోతే

లోయ చిన్నది, ఎక్కాల్సింది ఎక్కువ. అప్పుడు లూప్, జిగ్‌జాగ్, సొరంగం. బ్రాడ్‌గేజ్‌లో వేయదగ్గ అతి ఇరుకు మలుపు 10 డిగ్రీలు, 175 మీటర్ల వ్యాసార్థం. ఆ కొలతతో ఒక పూర్తి చుట్టు తిప్పితే 1100 మీటర్ల పట్టా. 50కి 1 లైన్లో మలుపు తగ్గింపు పోగా 1.6 శాతం చొప్పున 17 మీటర్ల పైన ఎత్తు వస్తుంది. కింది పట్టా మీద కరెంటు తీగలున్నా దాటడానికి అది చాలు. అమెరికాలో 1876లో కట్టిన టెహచాపి లూప్ ఇదే కిటుకు. 2 శాతం వాలుతో ఒక చుట్టులో 23 మీటర్లు లేస్తుంది. పొడుగు గూడ్స్ వెళ్తుంటే ముందున్న ఇంజన్ తన వెనక పెట్టెల మీదుగానే దాటుతుంది. సిమ్యులేటర్‌లో కట్టి చూసుకోవడానికి ఇంతకన్నా తృప్తినిచ్చేది లేదు.

జిగ్‌జాగ్ అంటే ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి నడుస్తూ కొండ ఎక్కడం. దానికి జాగా తక్కువ చాలు. కానీ తోక పట్టా (బండి వెనక్కి తిరిగే ముందు ఆగే మొండి పట్టా) ఎంత పొడుగుంటే రైలు అంతే పొడుగుండాలి. ప్రతిసారీ ఆగి, పాయింట్లు మార్చి, వెనక్కి నడవాలి. చిన్న పాసింజర్‌కి బాగుంటుంది, గూడ్స్‌కి నరకం. భోర్ ఘాట్‌లోనే ఖండాలా దగ్గర ఉన్న రివర్సింగ్ స్టేషన్‌ని 1929లో తీసేశారంటే ఆ బాధ తెలిసే. కంప్యూటర్ నడిపే రైళ్లని కూడా జిగ్‌జాగ్‌లో సరిగ్గా తిప్పించడం తలనొప్పి. సొరంగం అన్నిటికన్నా తేలికైన దారిలా కనిపిస్తుంది గానీ, నడిపేవాళ్లకి కొండ కనపడకుండా చేస్తుంది. రెండు మూడు ఉంటే రుచి, వరసగా ఉంటే చీకటి.

పని మొదలుపెట్టే ముందు

మొదటి రూట్ 15 కిలోమీటర్లు దాటనివ్వొద్దు. రెండు స్టేషన్లు, 50కి 1 వాలు, ఒక లూప్, ఒక పెద్ద వంతెన. చెట్టు ఒక్కటి కూడా నాటక ముందే పట్టా మొత్తం పరిచి, మీరు అనుకున్న బరువైన రైలుతో కింది నుంచి పైకి, పై నుంచి కిందికి నడిపి చూడండి. అరటి చెట్టు జరపడం తేలిక, వాలు మార్చడమంటే కొండ మొత్తం మళ్లీ తవ్వడమే. చెట్ల విషయంలో ఒకే జాతిని వేలకొద్దీ చల్లేసే బద్ధకం అందరికీ ఉంటుంది. నాలుగైదు జాతులు, రెండు మూడు సైజులు కలిపి చల్లి, పట్టాకి దగ్గరగా ఉన్నవాటిని మాత్రం చేత్తో పెట్టండి. కిటికీలోంచి కనిపించేవి అవే. ఫ్రేమ్ రేట్ పడిపోతే (బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే) ముందు తగ్గించాల్సింది దూరపు కొండ మీది అడవిని, దగ్గరి పొదల్ని కాదు.

ఇంట్లో నెట్ నెమ్మదిగా ఉండి ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు ట్రెయిన్జ్ తీసుకునే ముందు ఒకసారి ఆలోచించుకోండి. కావలసిన చెట్లూ ఇళ్లూ ఒక్కొక్కటే దించుకుంటూ పోతే రోజువారీ డేటా మధ్యాహ్నానికే అయిపోతుంది. ఓపెన్ రైల్స్ అయితే ప్రోగ్రాం చిన్నది. పెద్ద ఫైళ్లు స్నేహితుడి దగ్గర పెన్ డ్రైవ్‌లో తెచ్చుకున్నా నడుస్తుంది. కాకపోతే వేరేవాళ్లు తయారుచేసిన ఇంజన్లూ ఇళ్లూ మీ రూట్‌లో కలిపి ఇతరులకి ఇచ్చే ముందు, వాటితో పాటు వచ్చిన రీడ్‌మీ ఫైలు చదవండి. కొందరు వాడుకోవచ్చంటారు గానీ మళ్లీ పంచొద్దంటారు. అలాంటప్పుడు ఆ సరుకు ఎక్కడ దొరుకుతుందో రాసి, మీరు వేసిన పట్టా, నేల మాత్రమే ఇవ్వండి.